పాలసీసా

బావ పడవ రెండు బండల మధ్య ఇరుక్కుని తలకిందులైంది. పడవ అడుగు మాత్రమే పైకి కనిపిస్తోంది. బావ అందులోనే ఇరుక్కుని నీళ్ళ కింద ఉన్నాడు.

ఒడ్డున వ్యాను పక్కన నిలబడ్డ అక్క కెవ్వుమంది. ఆమె చంకలో పాప పాలకోసం అప్పటికే గుక్కపట్టి ఏడుస్తోంది.

"కంగారుపడకండమ్మా," అన్నాడు గైడు తాడు విప్పుతూ. "ఆయన దగ్గర గాలి సీసా ఉంది. కొద్ది నిమిషాలు ఊపిరికి ఢోకా లేదు. ఈలోగా లాగేస్తాం."

జానెడు సిలిండర్ అది. జాకెట్ ముందు జేబులో పడుతుంది. నీళ్ళ కింద ఇరుక్కుపోతే తీసి నోట్లో పెట్టుకుని గాలి పీల్చుకోవచ్చు. పాప పుట్టాక అక్కే పట్టుబట్టి మొగుడిచేత కొనిపించింది. అది లేనిదే ఏట్లోకి దిగనివ్వదు.

అక్క తమ్ముడు దానికి పాలసీసా అని పేరు పెట్టాడు. వచ్చిన ప్రతిసారీ అదే వేళాకోళం. "బావా, పాలసీసా తెచ్చుకున్నావా? మధ్యలో ఆకలేస్తే ఎలా?" తోటి పడవలవాళ్ళు పడీపడీ నవ్వేవారు. బావ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. ఈ పొద్దున మాత్రం ఏ గాలి వీచిందో, తమ్ముడే స్వయంగా బావకి జాకెట్ తొడిగి, పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినట్టు జిప్పులన్నీ బిగించాడు. అక్క మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ తమ్ముడికే మతిపోయినట్టుంది.

"లాగండి! తొందరగా లాగండి!" గొంతు చించుకుంటున్నాడు.

"ఆగవయ్యా, తాడు సరిగ్గా పడనీ. ఎలా పడితే అలా లాగితే పడవ ఇంకా దిగబడుతుంది. గాలి ఉందిగా ఆయనకి!"

"మీకు తెలీదు... మీకు తెలీదు!"

వ్యాను దగ్గరికి పరిగెత్తాడు. ఇంకో తాడు తెస్తాడనుకున్నారందరూ. తాడు తేలేదు. రెండు చేతులతో ఏదో రొమ్ముకి అదుముకుని వచ్చినవాడు వచ్చినట్టే ఏట్లోకి దూకేశాడు.

"ఒరేయ్, నీకేమైనా పిచ్చా! ఆయన దగ్గర సీసా ఉందిరా!" అక్క అరుపు నీళ్ళ హోరులో కలిసిపోయింది.

పడవ పక్కన ఒకసారి తల తేలింది. మళ్ళీ మునిగింది. లోపల ఏం చేస్తున్నాడో ఎవరికీ కనిపించలేదు. బండని పట్టుకుని వేలాడుతున్న వాడి చెయ్యి ఒకటి మాత్రం కనిపిస్తోంది. అక్క పాపని గట్టిగా హత్తుకుంది. ఇద్దరూ పోతే తనకింకెవరున్నారు?

తాడు బిగిసింది. లాగారు. జారిపోయింది. మళ్ళీ వేసి లాగారు. పడవ కిర్రుమని కదిలింది.

ఒడ్డున పడుకోబెట్టేసరికి బావ మొహం నల్లబడిపోయి ఉంది. కుడిచెయ్యి జాకెట్ అంచు కింద బిగుసుకుపోయింది. గైడు రొమ్ము మీద అదిమాడు. అదుముతూనే ఉన్నాడు. చివరికి బావ భళ్ళున నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకున్నాడు.

అక్క ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే తమ్ముడి కోసం చూసింది. వాడు అంత దూరాన, మోకాళ్ళలో తలపెట్టుకుని కూర్చున్నాడు.

"ఇలా రారా! ఇన్నాళ్ళూ వెక్కిరించావుగా? ఇవాళ నా కాపురం నిలబెట్టింది ఆ పాలసీసాయే!"

"అక్కా... వద్దే," అన్నాడు తమ్ముడు తలెత్తకుండా.

"వద్దేంటి? నీకు చూపించాల్సిందే!"

ఆమె మొగుడి చేతిని జాకెట్ కిందనుంచి మెల్లగా పైకి తీసి, బిగిసిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.

ఆ గుప్పిట్లో ఉన్నది పొద్దుట్నుంచీ కనిపించకుండా పోయిన పాప పాలసీసా. దాని రబ్బరు పీక నిండా బావ పళ్ళ గాట్లు.