పక్కకు ఒరగేసిన పీట

కేప్ కోస్ట్ పట్టణంలోని ఆ ఇంట్లో ఆలుమగలు వెళ్ళొచ్చిన ఊళ్ళన్నీ ఉన్నాయి. బోల్గాలో కొన్న బుట్ట దీపానికి గొడుగైంది. అహ్వియాలో కొన్న చెక్కపీట కిటికీ పక్కకు చేరింది.

పీట ఖాళీగా ఉంటే పక్కకు ఒరగేయాలని అక్కడి నమ్మకం. లేకపోతే తిరుగాడే ఆత్మ ఏదో వచ్చి కూర్చుంటుంది. భార్య అరబా రోజూ పీటను ఒరగేశాకే చర్చికి వెళ్ళేది. వచ్చేసరికి పీట నిలబడి ఉండేది.

"ఎబో, ఇంట్లో ఏదో ఉందయ్యా. ఈ పీట ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఏమీ లేదు. నేనే నిలబెడుతున్నా," అన్నాడు భర్త.

"మతి పోయిందా? ఎవరొచ్చి కూర్చోవాలనీ?"

"ఇది కొన్న రోజు బండిలో దారంతా దీని మీంచి దిగనంది మన పాప. పోయి ఏడాదైంది. ఆత్మలు తిరుగుతాయంటావుగా, మరి నా బిడ్డ ఎక్కడ కూర్చోవాలే?"



ఆదివారం అరబాయే పీటను తుడిచి నిలబెట్టింది. తలుపుకు తాళం వేసుకుని ఇద్దరూ ప్రార్థనకు వెళ్ళారు.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి, పీట పొందికగా పక్కకు ఒరిగి ఉంది.

లేచేటప్పుడు అలా ఒరగేసి వెళ్ళాలని పాపకు నేర్పింది అరబాయే.