దేముడమ్మ ముట్టని రొట్టె

రొట్టె పళ్ళెం తన దగ్గరికి వచ్చేసరికి దేముడమ్మ చేతులు కొంగులో దాచేసుకుంది. పళ్ళెం పట్టుకున్నది ఆమె మొగుడు సోములే. చర్చిలో సంఘ పెద్ద కాబట్టి ప్రభు బల్ల ఆదివారం, ప్రభువు శరీరానికి గుర్తుగా తినే రొట్టె పంచేది అతనే. ఒక్క క్షణం ఆగాడు. ఆమె తలెత్తలేదు. పళ్ళెం ఆమెను దాటి పక్కనున్న ముసలమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

నెలకొక బల్ల. ఇలా జరగడం ఇది ఐదోసారి.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆమెను ఆపారు.

"కూర్మమ్మ మీద కోపం ఇంకా పోలేదా అమ్మా?"

"మనసు సుబ్బరంగా లేదయ్యగారూ. అలాగుండి తింటే పిల్లకేటవుతాదోనని బయ్యిం."

ఆ భయం ఆయన పెట్టిందే. ఎవరితోనైనా తగువుంటే ముందు సమాధానపడి రావాలని, అయోగ్యంగా తిన్నవాళ్ళు జబ్బున పడతారని బల్లకు ముందు ప్రతిసారీ చదివి వినిపించేది ఆయనే. మిగతావాళ్ళు విని ఊరుకునేవారు. దేముడమ్మకు మాత్రం ఆ మాట చెవిన పడగానే ఆరేళ్ళ చిన్నతల్లి కళ్ళముందు కదిలేది. పిల్ల రెండుసార్లు తుమ్మితే ఆ పూట ఆమెకు అన్నం దిగదు. కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

భయపడటానికి కారణం లేకపోలేదు. ఆ ఏడాదే, అరవై ఏడు ఎండాకాలంలో చిన్నతల్లికి మసూచి వచ్చింది. ఊరి అమ్మవారు అసిరితల్లి పోసిందని వీధిలోవాళ్ళు అటు తొంగి చూడలేదు. సోములు నెల్లిమర్ల మిల్లు పని మానుకుని, సంఘాన్ని కూడగట్టి, మూడు రోజులు చర్చిలో ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాడు. ఇంట్లో దేముడమ్మకు తోడున్నది పక్కింటి కూర్మమ్మ ఒక్కతే. భోగాపురం వైపు సముద్రపు పల్లె నుంచి ఈ ఊరి కోడలై వచ్చింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునే మనిషి. ఆ మూడు రోజులూ గంప దించేసి పిల్ల పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది.

నాలుగోనాడు జ్వరం దిగింది. ఆ ఆదివారం సంఘమంతా లేచి నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పింది. సోములు ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు.

మర్నాడు చూసుకుంటే నల్ల పెట్ట లేదు. ఆ ఇంట్లో గుడ్లు పెట్టేది అదొక్కటే. వెతుక్కుంటూ వెళ్ళిన సోములుకు కూర్మమ్మ పెరట్లో చెత్తకుప్ప మీద నల్ల ఈకలు కనిపించాయి. మనదేనా అని పెళ్ళాన్ని అడిగాడు. మనదే అంది. నిన్ను అడిగి పట్టుకెళ్ళిందా అన్నాడు. లేదని తల తిప్పింది.

సోములు వీధికెక్కలేదు. పాస్టరుగారికొక్కరికే చెప్పాడు. పాస్టరుగారు భార్యకొక్కదానికే చెప్పారు. వారం తిరక్కుండా కూర్మమ్మ పేరు కోడిదొంగ అయింది. గంప దించమని పిలిచే గుమ్మాలు ఒక్కొక్కటే పిలవడం మానేశాయి. దాని దగ్గర చేపలు కొంటే పెట్టలు లెక్క చూసుకోవాలని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. కూర్మమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇక్కడ అమ్మకం పడక, ఎండలో రెండూళ్ళ అవతలికి నడిచి అమ్ముకుని వచ్చేది. ఆమె ఎదురుపడితే దేముడమ్మ దారి మార్చుకునేది.

ఒక్క పెట్ట కోసం ఐదు నెలలా అని పాస్టరుగారు ఇప్పుడు గట్టిగానే మందలించారు. వచ్చే బల్లకు ముందు శనివారం తనే వచ్చి ఇద్దరినీ కలుపుతానన్నారు. వద్దని దేముడమ్మ బతిమాలింది. తనే మరిచిపోతానంది, అవతలి మనిషిని పిలిచి అడగొద్దంది. సోములు వినలేదు.

శనివారం కూర్మమ్మ వచ్చి అరుగు కింద నిలబడింది. మనిషి బాగా నలిగిపోయింది. పెట్ట సంగతి నిజమేనా అని పాస్టరుగారు మెత్తగానే అడిగారు.

కూర్మమ్మ ఒకసారి దేముడమ్మ వైపు చూసింది. దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది.

"నానే అట్టుకెల్లిపోనాను బాబూ" అంది కూర్మమ్మ. "తప్పయిపోనాది. మనసులో ఎట్టుకోవద్దని ఒదినకి సెప్పండి."

ఆ మాటతో సోములు కోపం కరిగిపోయింది. పిల్లను కనిపెట్టుకుని ఉన్నదానివి, నోరు తెరిచి అడిగితే ఇవ్వమా అన్నాడు. మరో పెట్టను తెచ్చి ఇస్తానని ఆమె అంటే వద్దన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇద్దరి చేతులూ కలిపారు. దేముడమ్మ చెయ్యి చల్లగా ఉంది. వదిలేముందు కూర్మమ్మ ఆమెకే వినపడేలా అంది.

"రేపు తినీ ఒదినా. పిల్లకేటీ అవదు."

మర్నాడు పళ్ళెం వచ్చింది. సంఘమంతా ఆమె వైపే చూస్తోంది. సోములు ఈసారి తొందరపడలేదు.

"తీసుకోయే. అది ఒప్పీసుకున్నాది గదా" అన్నాడు గుసగుసగా.

దేముడమ్మ చెయ్యి కొంగులోంచి బయటికి వచ్చింది. రొట్టె మీదికి వెళ్ళింది. వెనక్కి వచ్చేసింది.

పళ్ళెం దాటిపోయింది. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. సంఘం బయటి మనిషి తప్పు ఒప్పుకుంటే, ప్రభువు బిడ్డలమని చెప్పుకునేవాళ్ళం క్షమించలేకపోతున్నామని పాస్టరుగారు పేరు ఎత్తకుండా బాధపడ్డారు.

ఇంటికి వెళ్ళే దారిలో సోములు వెనక్కి తిరిగాడు.

"ఒక్క కోడిపెట్టని మరిసిపోలేవు. ఏటి మనిసివే నువ్వు?"

జవాబు ఆరు నెలలుగా ఆమె గొంతులోనే ఉంది. బయటికి వస్తే మొగుడి పెద్దరికం పోతుంది. అతను ఏడుస్తూ చెప్పిన సాక్ష్యం పోతుంది. వాటికంటే ముందు, ఆ మాట విని పిల్లను ఏ దేవుడు వెనక్కి తీసుకుపోతాడో ఆమెకు తెలియదు. చిన్నతల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని తలవంచుకుని నడిచింది.

అసిరితల్లి గుడిలో మొక్కు చెల్లించమని ఆ పెట్టను కూర్మమ్మ చేతిలో పెట్టింది దేముడమ్మే.