ఈ నెల హోటల్ రాధారాణిది

"ఈ నెల వంతు నాది విద్యా. హోటల్ నేనే చూస్తాను," అంది రాధారాణి ఫోన్‌లో.

 విద్యకి ఎదురుగా కూర్చున్న భర్త జగదీష్ వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఉండే నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళు నెలకో ఆదివారం దగ్గర్లోని వాషింగ్టన్ వెళ్ళి, టిఫినూ భోజనమూ కలిసొచ్చేలా బ్రంచ్ తిని రావడం అలవాటు. రాధారాణి భర్త అచ్యుతరావు పోయి ఏడాది దాటింది. ఆవిడ ఒక్కతే వచ్చి కూర్చుంటే ఆవిడకీ బాధ, చూసేవాళ్ళకీ బాధ అని జగదీష్ తేల్చేశాడు. ఆ మాట చెప్పే పని మాత్రం విద్య మీద పెట్టాడు.

"అందరం జంటలుగా వస్తాం కదా రాధా, నీకు ఇబ్బందేమోనని..." నసిగింది విద్య.

"నాకేం ఇబ్బంది లేదు. మీకుంటే చెప్పండి."

అది చెప్పే ధైర్యం విద్యకి లేకపోయింది.

సాయంత్రం రాధారాణి వాట్సాప్ గ్రూప్‌లో హోటల్ పేరు పెట్టింది. ఏదో ఇథియోపియా వాళ్ళది. జగదీష్ వెంటనే ఫోన్‌లో వెతికి, రేటింగ్ బాలేదనీ, పార్కింగ్ కష్టమనీ రాసి, నది ఒడ్డున మేడ మీదుండే తనకి నచ్చిన హోటల్ లింక్ పంపాడు. రఘు అదే బాగుందన్నాడు. రఘు భార్య స్మృతి చప్పట్ల బొమ్మ పెట్టింది.

రాధారాణి జవాబు కాసేపటికి వచ్చింది. "ఆ హోటల్‌లో గంటలకొద్దీ క్యూలో నిలబడి చల్లారిన ఆమ్లెట్ తిన్నది చాలు. నదిని చూసి కడుపు నింపుకోవడం నా వల్ల కాదు. నేను టేబుల్ బుక్ చేశాను. వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు నదికి వెళ్ళండి."

విద్య మొగుడి మొహం చూడకుండా 'మేము వస్తున్నాం' అని కొట్టేసింది. ఆ తర్వాత మిగతావాళ్ళు కూడా ఒప్పుకోక తప్పలేదు.

ఆదివారం రాధారాణి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. మిరపపండు రంగు చీర కట్టింది. స్మృతి ఆ చీర చూసి విద్య మోచేతిని పొడిచింది. ఎవరికీ మెనూ ఇవ్వనివ్వకుండా రాధారాణి తనే ఆర్డర్ చేసింది. పెద్ద పళ్ళెంలో పుల్లట్టులాంటి రొట్టె, దాని మీద కారం కారంగా పప్పు, గుడ్ల కూర. అందరూ ఒకే పళ్ళెంలోంచి చేత్తో తినాలట. మొహం ముడుచుకుని మొదలుపెట్టిన జగదీష్ మాట్లాడటం మానేసి తినసాగాడు.

ఇంతలో సర్వర్ వచ్చి, రాధారాణి పక్కనున్న ఖాళీ కుర్చీ తీసేయబోయింది. రాధారాణి దాని మీద చెయ్యి వేసి, ఉండనివ్వమంది.

 స్మృతి న్యాప్‌కిన్‌తో కళ్ళు ఒత్తుకుంది.  ఇంత బాధని గుండెల్లో పెట్టుకున్న మనిషినా మనం దూరం పెట్టాలనుకున్నది అని విద్యకి అనిపించింది. జగదీష్ కాఫీ కప్పు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అచ్యుతరావు లాంటి మనిషి మళ్ళీ పుట్టడన్నాడు. ఇకమీద ఎక్కడికెళ్ళినా ఆయన కుర్చీ ఆయనకి ఉంటుందన్నాడు. చెబుతూ చెబుతూ తనే తడబడ్డాడు.

రాధారాణి అడ్డు చెప్పకుండా మొత్తం విన్నది.

"ఆయనకి ఈ హోటల్ నచ్చేది," అంది నెమ్మదిగా. "కానీ ఈ కుర్చీ ఆయన కోసం కాదు."

తలుపు తోసుకుని, నెరిసిన గడ్డంతో ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. కారుకి చోటు దొరకలేదంటూ ఆ కుర్చీలో కూర్చుని, రాధారాణి ముందున్న రొట్టెలోంచి ఒక ముక్క తుంచుకున్నాడు.

"కూర్చోండి జగదీష్ గారూ," అంది రాధారాణి. "ఈయన వెంకటస్వామి, మా ఆయన. మొన్న శుక్రవారం కోర్టులో పెళ్ళి చేసుకున్నాం. వచ్చే నెల హోటల్ ఈయన చూస్తారు."