ఏడో నిబంధన

బంద్ లేని రోజు చూసి మీటింగు పెట్టడమే ఆ ఏడాది పెద్ద ఘనకార్యం. 2011. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. ఎల్.బి. నగర్ చౌరస్తాలో రోజుకో బైఠాయింపు, పూటకో వంటావార్పు. అంత సందట్లోనూ సాంబమూర్తి ఒక మంగళవారం సంపాదించాడు.

సాంబమూర్తి గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ అధికారి. కొత్త చట్టం ఒకటి వచ్చి ఆయన నెత్తిన పడింది. ప్రభుత్వ కార్యాలయాలు తమకు కావలసిన సరుకులో కొంత, ఆసరా లేనివాళ్ళు పెట్టుకున్న సంఘాల దగ్గరే కొనాలి. అదీ చట్టం. సాంబమూర్తి దాన్ని పూర్తిగా చదవలేదు గానీ, అమలుకు నిబంధనలు మాత్రం తనే రాశాడు.

అందులో ఏడోది ఆయనకు ప్రాణం. ‘సంఘం సభ్యులందరూ నమూనాలతో స్వయంగా కమిటీ ముందు హాజరు కావాలి.’ పేదల పేరు పెట్టుకుని బినామీ కాంట్రాక్టర్లు దూరకుండా వేసిన అడ్డుకట్ట అది. దాని గురించి రెండు సెమినార్లలో మాట్లాడాడు. ఒకచోట శాలువా కూడా కప్పించుకున్నాడు.

ఈసారి కొనాల్సింది నలభై వేల ఫైలు అట్టలు. అర్హత ఉన్న సంఘం ఒక్కటే. సైదాబాద్‌లో రేకుల షెడ్డులో అట్టలు చేసే అండాలమ్మ సంఘం, పదకొండు మంది. ఆర్డరు వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే నెలాఖరుకు మూతపడుతుంది, పదకొండు మందీ మళ్ళీ ఇంట్లోవాళ్ళ మాటలు పడుతూ బతకాలి. ఈ సంగతంతా అండాలమ్మ దరఖాస్తులో రాసింది. దరఖాస్తు మీద సాంబమూర్తి టీ గ్లాసు పెట్టుకున్నాడు.

పదిన్నరకు మూడో అంతస్తులో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే సాంబమూర్తి, సూపరింటెండెంటు సూర్యప్రభ, చప్పుడు చేసే ఒక ఫ్యాను. లిఫ్టు కోసం వదిలిన చోట పాత బీరువాలు పెట్టారు కాబట్టి ఇద్దరికీ ఇంకా ఆయాసం తీరలేదు. బయట బెంచీ మీద దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారి వెంకటేశ్వరరావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సంఘం రాకపోతే ఆర్డరు ఆయనదే.

అటెండరు లచ్చయ్య వరండాలో నిలబడి సంఘం పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. బదులుగా ఫోను మోగింది.

“సారూ, నేను అండాలమ్మను. పొద్దుగాల తొమ్మిదింటికే ఒచ్చినం. కిందనే, మెట్లకాడ ఉన్నం. జర మీరే దిగొస్తరా?”

సాంబమూర్తికి ఒళ్ళు మండింది. “కమిటీ కిందికి రావాలా? మీరు పైకి రావడానికేంటి?”

“మా సంగతి మీకెరుకే గద సారూ.”

“మీ సంగతి రాష్ట్రమంతా తెలుసులేమ్మా!”

ఫోను పెట్టేసి లచ్చయ్యను కిందికి తోలాడు. లచ్చయ్య వెళ్ళి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

“మెట్లకాడ కూసున్నరు సార్. పదకొండు మంది.”

“నినాదాలిస్తున్నారా?”

“లే సార్. ఊకనే కూసున్నరు.”

“మౌనదీక్ష!” సాంబమూర్తి మొహం పాలిపోయింది. నినాదాలైతే ఏదో ఒక వేళకు గొంతు పోయి ఆగుతాయి. మౌనానికి ఆ ఇబ్బంది లేదు. “లేచి పైకి రమ్మని చెప్పలేకపోయావా?”

“ఎట్ల లేస్తరు సార్, వాళ్ళు...”

“ఓహో! నువ్వు వాళ్ళను వెనకేసుకొస్తున్నావా? మీదే ఊరు?”

“చౌటుప్పల్ సార్. నల్గొండ జిల్లా.”

“అనుకున్నా.”

లచ్చయ్య నోరు మూసుకున్నాడు. పదిహేనేళ్ళు ఆయన ఫైళ్ళు మోసినవాడు. ఆ మాట అతనికి నిజంగానే గుచ్చుకుంది. ఇక అడిగినా చెప్పదలచుకోలేదు.

“ఒకసారి మనమే వెళ్ళి చూస్తే పోదా అండీ?” అంది సూర్యప్రభ మెల్లగా.

“ఇవాళ మెట్లు దిగితే, రేపు వంటావార్పు దగ్గరికి ఫైళ్ళు పట్టుకెళ్ళమంటారు మేడమ్. నిబంధన నిబంధనే.”

పోలీసులకు ఫోను చేశాడు. కార్యాలయం మెట్ల మీద అక్రమ బైఠాయింపు జరుగుతోందని, లేపి పంపించమని చెప్పాడు. తర్వాత కలం తీసి రికార్డు రాశాడు. ‘పలుమార్లు పిలిచినా సంఘ సభ్యులు పైకి రావడానికి నిరాకరించి, ధర్నాకు పూనుకున్నారు. కనుక ఆర్డరు శ్రీ వెంకటేశ్వరరావు గారికి ఇవ్వడమైనది. చట్టం పూర్తిగా అమలైనది.’

సంతకం పెట్టాడు. సూర్యప్రభ కాస్త తటపటాయించి తనూ పెట్టింది.

“మంచి పని చేశారండీ,” అన్నాడు వెంకటేశ్వరరావు కాగితం అందుకుంటూ. “ఈ సంఘాలవాళ్ళతో ఇదేనండీ. అన్నీ కూర్చున్న చోటికే రావాలంటారు.”

ముగ్గురూ నవ్వుకున్నారు. లచ్చయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు మళ్ళీ ఫోను మోగింది. కింది నుంచి ఎస్సై.

“సార్, లేపి పంపమన్నరు గానీ, ఈ పదకొండు మందిల లేచి నిలవడనీకి ఒక్కలకు గూడ కాళ్ళు పనిజెయ్యవు.”