ఎడమ పక్క శబ్దం

ఇంటి గోడలే పాటలు పాడే కాలమది. లారీలు కూడా డ్రైవర్లు లేకుండానే తిరిగేవి. అయినా గుంటూరులో సువార్త, సంగీతప్రియుల కోసం పాటను చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచే సరౌండ్ డీకోడర్ పెట్టెలు స్వయంగా తయారుచేసేది.

ఒకనాడు ఒకప్పటి లారీ డ్రైవర్ కోటిలింగం ఆమె షాపుకొచ్చాడు.

"నాకు ఎడం చెవి వినపడదమ్మా. చుట్టూ శబ్దం అంటారు, నాకు మాత్రం అంతా కుడిపక్కే."

ఎడమవైపు శబ్దాన్ని కుర్చీలో సన్నని అదురుగా మార్చే డీకోడర్ కోసం సువార్త ఏడాది కష్టపడింది. మూడు పెట్టెలు పనిచేయలేదు. నాలుగోది బిగించి, కోటిలింగాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పాతకాలపు హైవే మీద లారీల రొద రికార్డింగు పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి కుర్చీ ఎడమపక్క అదరగానే అటు తల తిప్పి మండిపడ్డాడు.

"ఎడం పక్క నుంచి దూరతన్నాడు చూడమ్మా, బుద్ధి లేనోడు."

ఆ తిట్టు విని సువార్త కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.