కాంతవ్వ మెడలోని బిళ్ల

పక్కింటి కాంతవ్వ తన మెడలోంచి బంగారు బిళ్ల తీసి జీవమణి చేతి రుమాల్లో పెట్టింది.

నిజాం ప్రభువు పుట్టినరోజని కిందటేడు అమీర్‌పేట నవాబు కొట్టించి పంచిన బిళ్ల అది. షేర్వానీలు కుట్టినందుకు ఆమె మొగుడు శివరాములుకు ఇనాముగా వచ్చింది. ఆ ఇంట్లో అంతకుమించి బంగారం లేదు.

"జర పైలం బిడ్డా. మా ఆయనకు చెప్పలే."

ఈ ఏడు ఆ పుట్టినరోజుకు నవాబు మేడ, దేవిడీలోని నౌకర్లంతా ఆయనకు బంగారం కానుకగా నజర్ పట్టాలి. జీవమణి తండ్రి ఏసోబు అక్కడ తోటమాలి; ఇంట్లో పట్టడానికి బంగారం లేదు. జ్వరంతో లేవలేకుండా ఉన్నాడు.

"నువ్వే పో. రుమాలు రెండు చేతుల పట్టి వంగు. గంతే," అన్నాడు.

నవాబు వేలితో ముట్టి వదిలేస్తాడని, ఎవరిది వాళ్లు తిరిగి తెచ్చుకుంటారని చెప్పలేదు. దేవిడీలో అది తెలియనివాళ్లుండరు మరి.

జీవమణి పల్లెలో మిషన్ బడి చదువు ముగించుకుని వచ్చి నెల కాలేదు.

వరుసలో సిగ్గుతో నేల చూస్తూ నిలబడింది. ముందువాళ్లు ఏం చేసిందీ చూడలేదు.

రుమాలు చాపింది. ఉంగరాల వేలొకటి బిళ్లను తాకి వెనక్కి పోయింది.

వద్దన్నాడా? తక్కువైందా?

కానుక ఇవ్వడానికి చాపిన చెయ్యి వెనక్కి తియ్యకూడదని ఊళ్లో పాస్టరయ్య చెప్పేవాడు.

పక్కన వెండి పళ్లెం కనబడింది. బిళ్లను అందులో వేసేసింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"శాబాష్!" అన్నాడు నవాబు.

బయటికి రాగానే జవాను హనుమాండ్లు నెత్తి కొట్టుకున్నాడు. "నవాబింట్ల బంగారం తక్కువైందని పెట్టినవా? ముట్టినంక వాపస్ తెచ్చుకోవాలె పిల్లా!"

"ఇప్పుడు అడిగితే?"

"శాబాష్ అన్నంక ఎట్లడుగుతవ్? మీ అయ్య నౌకరీ సుత పోతది."

పంజాగుట్టలోని ఇంటి దాకా నడిచొచ్చేసరికి కాంతవ్వ గడపలోనే నిలబడి ఉంది. జీవమణి ముఖం చూసింది. బిళ్ల తిరిగి రాలేదని తెలిసిపోయింది.

లోపల్నుంచి శివరాములు వచ్చాడు. భార్య బోసి మెడ చూశాడు.

"బిళ్ల ఏదే?"

"నవాబుకు ఇచ్చి రమ్మన్న," అంది కాంతవ్వ. "పుట్టినరోజు గదా."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" ఆయన జీవమణి వైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా? గీమెనే ఇమ్మన్నదా?"

జీవమణి తలూపింది.

గోడ అవతల శివరాములు తిట్లు పొద్దుగూకేదాకా ఆగలేదు.

ఇవతల ఆ తిట్లు వింటూనే, తల్లి పెట్టిన అన్నం జీవమణి మెతుకు మిగల్చకుండా తిన్నది.