ముళ్లపొదల్లో విమానం

న్యోకాబి నడిపిన పాత చిన్న విమానం నైరోబీ శివారులో రన్‌వే దాటి ముళ్లపొదల్లో ఆగింది. దిగేటప్పుడు వేగం తగ్గించే ఫ్లాపులు కిందికి రాలేదు.

"ఫ్లాపులు దించే చేతిపంపు కొట్టడం మరిచిపోయావా? పోయి మటాటూ వ్యాను తోలుకో!" అన్నాడు ముసలి మెకానిక్ ముతిండా. షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లంతా నవ్వారు. ఆమె రెక్క కిందికి ఒకసారి చూసి పక్కకు జరిగింది.

అందరూ వెళ్లాక అతను రెక్క కిందికి దూరాడు. ఫ్లాపులకు నూనె అందించే హైడ్రాలిక్ గొట్టానికి నిన్న తాను బిగించిన నట్టు ఉత్త వేళ్లతో తిప్పినా తిరిగింది. నూనెంతా కారిపోయింది. అతని చెవులు వేడెక్కాయి.

వెనకే న్యోకాబి నిలబడి ఉంది.

"అమ్మా, ఈ నట్టు సరిగ్గా బిగించనిది నేనే."

"దిగగానే చూశాను బాబాయ్."

"మరి అప్పుడే అనొచ్చుగా?"

"అందరూ ఉన్నారు కదా."

అతను రెక్క కింద నుంచి బయటికి వచ్చాడు.

"వెళ్లి వాళ్లందర్నీ మళ్లీ పిలువమ్మా," అన్నాడు.